ఇద్దరి మీద ఒక్కడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా పిల్లలు ఆమదాలవలస దగ్గర ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడారు. ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుంది. చెరో గోల్‌తో సమానంగా ఉన్నాం. మాకు కార్నర్ దొరికింది. గెలుస్తామన్న ఆశతో దాదాపు అందరూ ముందుకు వెళ్ళిపోయారు. వెనక మిగిలింది మా గోలీ, గోల్ ముందు కాపు కాసే మా స్టాపర్. కార్నర్ బంతి నేరుగా అవతలి గోలీ చేతుల్లో పడింది. అతను దాన్ని దూరంగా విసిరాడు. రెండు పాసులు పడేసరికి వాళ్ళ కుర్రాళ్ళిద్దరు మా స్టాపర్‌కి ఎదురుగా వచ్చేస్తున్నారు. నేను మైదానం గీత దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచాను: "పో! పో! మీద పడు!"

వాడు పోయాడు. బంతి ఉన్న కుర్రాడు మావాడు రెండడుగుల దూరానికి వచ్చేదాకా చూసి, పక్కవాడికి నెమ్మదిగా తోశాడు. ఆ పక్కవాడి ముందు మా గోలీ తప్ప ఎవరూ లేరు. మిగతాది చెప్పక్కర్లేదు.

మ్యాచ్ అయ్యాక గీత చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. "మనిషి ఎదురుగా ఉండి కూడా ఆపలేకపోయాడు" అన్నది ఆ మాటలన్నిటి సారం. వాడి నాన్న ఆటో నడుపుతాడు. ఆ పూట బేరం వదులుకుని మ్యాచ్ చూడటానికి వచ్చాడు. ఏమీ అనలేదు గానీ కొడుకు మొహం వైపు చూడలేదు. వాడు నీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చి అడిగాడు: "మీరే కదా సార్ పొమ్మన్నారు. ఆల్లిద్దరు, నానొక్కడ్ని. ఏటి సెయ్యాలి మరి?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళుగా సాయంత్రాలు బ్యాంకు పని అయ్యాక పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. వాడు అడిగింది నేను ఎన్నడూ సరిగ్గా నేర్పలేదని ఆ క్షణంలో అర్థమైంది. నెల రోజులుగా దీని గురించే ఆలోచిస్తూ, పిల్లలతో ప్రయత్నిస్తూ వచ్చాను. ఈ పోస్టు ఆ ఆలోచనే.

తక్కువమంది ఉన్నప్పుడు డిఫెండర్ పని ఎదుటివాళ్ళని ఆలస్యం చేయడం. కోచింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. ఒప్పుకుంటూనే ప్రాక్టీసులో దాన్ని నేర్పం. మ్యాచ్‌లో ఎవరైనా చేసి చూపించినా గమనించం. గోల్ పడ్డాక మాత్రం తప్పంతా ఆ ఒక్కడి నెత్తిన వేస్తాం. నేను వాదించేది ఇది: ఒక్కడు ఇద్దర్ని ఎదుర్కోవడం అనే విద్యని ఆ ఒక్కడికి నేర్పితే సగమే నేర్పినట్టు. మిగతా సగం వాడి వెనక్కి రావాల్సిన వాళ్ళకి నేర్పాలి. ఆ రెండో సగమే పెద్దది.

రెండు కార్లు, రెండు గొలుసులు

మా శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి గారి పేరు ఉంది. వీరఘట్టంలో పుట్టిన ఆ మహాబలుడు రెండు కార్లకి గొలుసులు కట్టి, రెండు చేతులతో వాటిని కదలకుండా ఆపేవాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారూ బరువులెత్తినావిడే. అటు విజయనగరం వైపు కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లు. మా నేల మీద ఆట అనగానే ముందు గుర్తొచ్చేది బలం. ఇద్దరు వస్తుంటే ఒక్కడు ఆపడమంటే, ఆ రెండు కార్ల కథలాగా, రొమ్ము విరుచుకుని నిలబడి లాగిపట్టడమే అని మనకి లోపల ఎక్కడో నాటుకుపోయింది. నా నోట్లోంచి "మీద పడు" అన్న మాట అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను.

ఫుట్‌బాల్‌లో ఇద్దరి మీద బలం పని చేయదు. మీరు ఒకడి మీదికి వెళ్ళిన క్షణంలోనే రెండోవాడు ఖాళీ అయిపోతాడు. ఎంత వేగంగా వెళ్తే అంత త్వరగా ఖాళీ అవుతాడు. మావాడు నా మాట విని దూకుడుగా వెళ్ళి, అవతలి కుర్రాడి పని సులువు చేశాడు.

దీనికి నాకు తెలిసిన మంచి పాఠం 2019 మార్చి 31న ఇంగ్లండ్ క్లబ్బులు లివర్‌పూల్, టోటెన్‌హామ్ ఆడిన మ్యాచ్‌లో ఉంది. స్కోరు ఒకటి ఒకటి, ఆట చివరికి వచ్చింది. టోటెన్‌హామ్ వాళ్ళు సిసోకో, సోన్ ఇద్దరూ పరిగెత్తుకొస్తున్నారు. అడ్డుగా లివర్‌పూల్ స్టాపర్ వాన్ డైక్ ఒక్కడు. బంతి సిసోకో దగ్గరుంది. గోల్ కొట్టడంలో ఆరితేరినవాడు సోన్. వాన్ డైక్ బంతి మీదికి వెళ్ళలేదు. ఇద్దరి మధ్యనే ఉండి, సోన్‌కి పాస్ వెళ్ళే దారి మూసేస్తూ వెనక్కి జరిగాడు. సిసోకోకి పాస్ ఇచ్చే వీలు లేదు, తనే కొట్టాలి, అదీ ఎడమ కాలితో. చివరి క్షణంలో వాన్ డైక్ ముందుకు వచ్చాడు. బంతి బార్ మీదుగా పైకి పోయింది. 90వ నిమిషంలో లివర్‌పూల్‌కి ఒక సెల్ఫ్ గోల్ కలిసొచ్చి 2–1తో గెలిచింది.

ఆ వీడియోని పిల్లలకి నా ఫోన్‌లో చూపించాను. మొదటిసారి చూసి ఒకడు, "ఈయనేటీ సెయ్యలేదు కదా సార్, ఆడే బయటికి కొట్టీసేడు" అన్నాడు. ఇంకో నాలుగుసార్లు ఆపి ఆపి చూపించాల్సి వచ్చింది. సిసోకో రెండుసార్లు తలెత్తి సోన్ వైపు చూడటం, రెండుసార్లూ దారి లేకపోవడం అప్పుడు కనిపించింది. ఏమీ చేయనట్టు కనపడటమే ఈ పనిలో ఉన్న చిక్కు. జర్నైల్ సింగ్ మన దేశం చూసిన గొప్ప స్టాపర్‌లలో ఒకరు. ఆయన్ని కూడా ఎక్కువమంది తలుచుకునేది 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఫార్వర్డ్‌గా ఆడి కొట్టిన గోల్‌తోనే. గోల్ అయితే కనిపిస్తుంది. పడకుండా పోయిన గోల్‌ని ఎవరు చూస్తారు?

తోలడం

సరే, ఎలా నేర్పాలి? మొదట నేను మాటలతో చెప్పాను. పక్కకి తిరిగి నిలబడాలి, మునివేళ్ళ మీద ఉండాలి, బంతిని చూస్తూనే రెండోవాణ్ణి కంటి చివర ఉంచుకోవాలి, వాళ్ళు ఎంత వేగంతో వస్తే దాదాపు అంత వేగంతో వెనక్కి జరగాలి, బంతి ఉన్నవాణ్ణి పక్కకి, వాడి బలహీనమైన కాలి వైపుకి నెట్టాలి. అన్నీ సరైనవే. పిల్లలు తలలూపారు. ఆడమంటే మళ్ళీ అందరూ బంతి మీదికే దూకారు.

మా దగ్గర నలుగురు ఆడపిల్లలు కూడా ఆడతారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంట్లో మేకలున్నాయి. నేను మూడోసారి చెబుతుంటే ఆ పిల్ల అంది: "మేకల్ని తోలినట్టా సార్?"

ఎలా అని అడిగాను. తనే విడమర్చి చెప్పింది. రెండు మేకలు పెసర చేను వైపు పోతున్నాయనుకోండి. మనం వాటి మీదికి నేరుగా పరిగెడితే బెదిరి చెరో పక్కకీ పోతాయి. ఒకదాన్ని పట్టుకునేలోపు రెండోది చేలో ఉంటుంది. అందుకని వాటి మీదికి పోకూడదు. చేనుకీ వాటికీ మధ్య నిలబడి, కర్ర చాపి, వాటితో పాటే నడవాలి. గట్టు వెంట అవే పోతాయి. ఈలోపు అమ్మో, తమ్ముడో వస్తారు.

ఇంత చక్కగా నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి మా గ్రౌండ్‌లో ఈ పనికి పేరు "తోలడం". గీత దగ్గర నుంచి నేనిప్పుడు "పో" అని అరవను. "తోలు, తోలు" అంటాను. చేను అంటే మన గోల్. గట్టు అంటే పక్క గీత. కర్ర మాత్రం మన దగ్గర లేదు, దాని బదులు మన కాళ్ళు ఉన్న కోణం ఉంది. పాస్ దారి మీద ఒక కాలు, బంతి వైపు ఒక కాలు. అప్పుడప్పుడు బంతి మీదికి వస్తున్నట్టు ఒక అడుగు వేసి వెనక్కి తీసుకోవాలి. ఎదుటివాడు ఉలిక్కిపడి తల దించుకుని బంతిని చూసుకుంటాడు. తల దించుకున్నంతసేపు పాస్ ఇవ్వలేడు. ఆ అర సెకను కూడా మనకి లాభమే.

గోలీతో ముందే ఒక ఒప్పందం ఉండాలి. షాట్ గోలీది, పాస్ స్టాపర్‌ది. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఇద్దరూ షాట్ ఆపాలని చూస్తే పాస్ వెళ్ళిపోతుంది, ఇద్దరూ పాస్ కోసం చూస్తే నేరుగా కొట్టేస్తాడు. ఎవరి పని ఏదో తెలిశాక మా గోలీ మొహంలో కూడా టెన్షన్ తగ్గింది.

ఆఫ్‌సైడ్ రూల్ కూడా ఆ ఒక్కడి వైపే ఉంటుంది. గోలీ చివరివాడైతే స్టాపర్ చివరి నుంచి రెండోవాడు. బంతి లేని కుర్రాడు తొందరపడి బంతి కంటే, మా స్టాపర్ కంటే ముందుకి వెళ్ళిపోతే, ఆ తర్వాత వాడికి పాస్ వచ్చినా ఆఫ్‌సైడ్ కింద చెల్లదు. ఈ లెక్క పిల్లలకి నచ్చింది. నచ్చింది గానీ, మా మ్యాచుల్లో జెండా పట్టుకునేది చాలాసార్లు ఆ ఊళ్ళో అప్పటికప్పుడు దొరికిన పెద్దమనిషి. ఆ జెండాని నమ్ముకుని ఆగిపోవద్దని కూడా చెప్పాల్సి వచ్చింది.

ముగ్గురి మీద ఇద్దరైనా ఇదే సూత్రం. ఇద్దరూ ఒకే గీత మీద నిలబడకూడదు. ఒకరు బంతికి ఎదురుగా, ఇంకొకరు కొంచెం వెనగ్గా, లోపలి వైపు ఉండాలి. అన్నిటికంటే దూరంగా, పక్కన ఉన్నవాణ్ణి వదిలేయాలి. పిల్లలకి కష్టం ఆ వదిలేయడంలోనే. ఖాళీగా ఉన్న మనిషి కనపడితే చాలు, కాళ్ళు అటే లాగుతాయి.

కబడ్డీ దగ్గర మా పిల్లలకి ఒక ఉపకారం, ఒక అపకారం జరిగాయి. రైడర్ కూతకి వచ్చినప్పుడు మంచి కార్నర్ ఆటగాడు తొందరపడడు. రైడర్ కాలు చాచేదాకా ఓపిక పడతాడు, కాలు వచ్చాక మడమ అందుకుంటాడు. "బంతి వాడి కాలి నుంచి కాస్త దూరం జరిగిందా, అదే చాచిన కాలు. అప్పుడు వెళ్ళు" అంటే మా కబడ్డీ కుర్రాళ్ళకి వెంటనే ఎక్కింది. ఆ ఓపిక వాళ్ళ ఒంట్లో ఉంది. అపకారం ఏంటంటే, కబడ్డీలో ఒకసారి దూకాక వెనకాల చైన్ పట్టుకున్నవాళ్ళు ఉంటారు. ఇక్కడ దూకి నేల మీద పడ్డవాడి వెనక గడ్డి తప్ప ఏమీ ఉండదు. ఇంకో సంగతి. ముగ్గురో, అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్ అని అదనంగా ఒక పాయింట్ ఇస్తారు. తక్కువమందితో నిలబడటం కష్టమని ఆ ఆట రూల్స్‌లోనే ఒప్పుకుంది. మా ఆటలో అలాంటిది లేదు. కాబట్టి ఆ పాయింట్ కోచ్ ఇవ్వాలి.

నేను ఇవ్వడం మొదలుపెట్టాను. సున్నంతో ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు గీసి, ఇద్దరు బంతితో, ఒకరు ఎదురుగా, గోలీ వెనక. నా చేతిలో స్టాప్‌వాచ్. నాలుగు సెకన్లు ఆపితే స్టాపర్‌కి పాయింట్, ఆ తర్వాత గోల్ పడినా సరే. "గోల్ పడింది కదా సార్, పాయింటేటి?" అని గొడవ చేశారు. గొడవ చేయనిచ్చాను. ప్రాక్టీసు కోసం ఆట రూల్స్ వంచడం మనకేమీ కొత్త కాదు. స్కూల్ మాస్టారుగా పని చేసి, భారత జట్టుని 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962లో ఆసియా స్వర్ణానికి తీసుకెళ్ళిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవారట.

నా అనుమానాలు

ఇదంతా చెప్పినంత సాఫీగా జరగలేదు.

మొదటి వారంలో ఏడో తరగతి పిల్లాడొకడు వరసగా ఎనిమిదిసార్లు ఓడిపోయాడు. తర్వాత రెండు రోజులు రాలేదు. ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. వాడు గుమ్మం పక్కన నిలబడి, "అది నాను ఎప్పుడూ ఓడిపోయే ఆటే కదా సార్" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. పెద్దవాళ్ళకి ఓపిక పాఠంలా కనపడేది పన్నెండేళ్ళ పిల్లాడికి అందరి ముందూ అవమానం. ఇప్పుడు ఎవరికైనా వరసగా మూడుసార్లే, ఆ తర్వాత ఆ పిల్లాడే బంతి తీసుకుని దాడికి వెళ్ళాలి. వాడు తిరిగొచ్చాడు. అయినా ఆ రెండు రోజులు నన్ను వదల్లేదు. చిన్నపిల్లలకి ఇది ఏ వయసులో మొదలుపెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండో అనుమానం ఇంకా లోతైనది. ఆలస్యం చెయ్యి, ఆలస్యం చెయ్యి అని నూరిపోస్తే పిల్లలు పిరికివాళ్ళయిపోతారా? ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో మా రెండో స్టాపర్ వెనక్కి జరుగుతూ, జరుగుతూ, గోలీ కాళ్ళ మీదికి వచ్చేశాడు. అవతలివాడు ఆరు మీటర్ల నుంచి హాయిగా కొట్టాడు. తప్పు వాడిది కాదు. ఎక్కడ ఆగాలో నేను చెప్పలేదు. పెనాల్టీ బాక్స్ గోల్ గీత నుంచి 16.5 మీటర్లు. ఆ అంచుల దగ్గర చెరో ఇటుక పెట్టాను. ఇటుక వచ్చేదాకా తోలు, ఇటుక దగ్గర తేల్చు. అక్కడికి వచ్చాక ఇంకా వెనక్కి జరిగితే గోలీకి బంతి కనపడకుండా మనమే అడ్డం అవుతాం. అప్పుడు ముందుకు వెళ్ళాలి, షాట్‌కి అడ్డం పడాలి, ధైర్యం అక్కడ కావాలి. ఆలస్యం చేయడం, తేల్చడం రెండూ కలిపి నేర్పకపోతే సగం విద్య చేటు చేస్తుంది.

మూడోది నా విజయనగరం మిత్రుడి మాట. ఇద్దరం కాలేజీ జట్టుకి కలిసి ఆడాం. తనూ అక్కడ పిల్లలకి నేర్పుతాడు. ఫోన్‌లో ఇదంతా చెబితే విని, "ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం నేర్పుతున్నావురా" అన్నాడు. "కార్నర్‌కి అందర్నీ ముందుకు ఎందుకు పంపావు? వెనక ఇద్దర్ని ఉంచితే ఇద్దరికిద్దరు సరిపోయేవాళ్ళు కదా. వాళ్ళ గోలీ బంతి విసరబోతుంటే ఎదురుగా ఒకణ్ణి నిలబెట్టావా? బంతి పోయిన చోటే పట్టుకోవడం నేర్పు. అప్పుడు నీ స్టాపర్‌కి ఆ గతి పట్టదు."

చాలామటుకు తన మాట నిజం. ఆ రోజు మా కార్నర్ తప్పు ముమ్మాటికీ నాదే. ఇప్పుడు కార్నర్‌కి కనీసం ఇద్దర్ని వెనక ఉంచుతున్నాను, వాళ్ళ వాళ్ళు ఇద్దరు పైన ఉండిపోతే ముగ్గుర్ని. బంతి పోగానే దగ్గరున్నవాడు వెంటపడటం కూడా నేర్పుతున్నాను. కానీ పిల్లల ఆటలో బంతి ఎన్నిసార్లు చేజారుతుందో తనకీ తెలుసు. ఎగుడుదిగుడు గ్రౌండ్, వాన పడితే బురద, సగం మందికి బూట్లు లేవు. వెంటపడిన మొదటివాణ్ణి ఒక్క మంచి పాస్ దాటిందంటే వెనక మళ్ళీ ఒక్కడే. "నిప్పు అంటుకోక ముందే కదరా ప్రాక్టీసులో తవ్వుతున్నది" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

సెకన్లు ఎవరి కోసం?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట.

మా పిల్లలు వంద మీటర్లు పదిహేను, పదహారు సెకన్లలో పరిగెత్తుతారు. మ్యాచ్ చివర్లో, అలసిపోయి, వెనక్కి తిరిగి పరుగు అందుకోవాలంటే సెకనుకి ఐదు మీటర్లు అనుకుందాం. స్టాపర్ నాలుగు సెకన్లు సంపాదించాడంటే ఇరవై మీటర్లు సంపాదించినట్టు. సెంటర్ గీత దగ్గర ఉన్న కుర్రాడు ఆ ఇరవై మీటర్లు వెనక్కి వస్తే కథ మారిపోతుంది, ఇద్దరికిద్దరు అవుతారు. రాకపోతే స్టాపర్ పడ్డ కష్టమంతా గాలికి పోయినట్టే.

ఆమదాలవలస మ్యాచ్‌ని ఒకాయన ఫోన్‌లో తీశాడు. ఆ చివరి గోల్‌ని ఇంటికొచ్చి ఎన్నిసార్లు చూశానో. మొదట్లో మా స్టాపర్‌నే చూశాను. తర్వాత ఒకసారి అనుకోకుండా మిగతావాళ్ళ మీద కన్ను పడింది. బంతి పోగానే మా ఫార్వర్డ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కార్నర్ కొట్టినవాడు ఆ జెండా దగ్గరే ఉన్నాడు, తను సరిగ్గా కొట్టలేదన్న బాధలో. ఇద్దరు పరుగు మొదలుపెట్టి, దూరం చూసి, నడక్కి దిగారు. ఒక్కడు మాత్రం పరిగెత్తాడు, బంతి వైపుకి, అది ఎప్పుడో వెళ్ళిపోయిన చోటుకి. గీత దగ్గర మేమంతా స్టాపర్ మీద అరుస్తున్నాం. ఆ ఐదుగురిని ఒక్కరం కూడా ఒక్క మాట అనలేదు. ఆ వీడియోలో ఆ గోల్‌కి ముందు ఆరు సెకన్లు ఉన్నాయి.

మ్యాచ్ కాగితం మీద అటు పదకొండు, ఇటు పదకొండే. తక్కువ అయ్యేది మనుషులు ఉన్న చోటుని బట్టి. 2010 ఏప్రిల్ 28న బార్సిలోనా జట్టుతో వాళ్ళ ఊళ్ళో ఆడిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో ఇంటర్ మిలాన్ ఆటగాడు మోటాని 28వ నిమిషంలోనే బయటికి పంపించేశారు. మిగతా గంటకి పైగా పదిమందితో ఆడి, ఒకే ఒక్క గోల్ ఇచ్చి, రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో ఫైనల్‌కి వెళ్ళారు. మనిషి తక్కువైనా తమ గోల్ ముందు మాత్రం వాళ్ళు తక్కువ కాలేదు. అందరూ అక్కడే ఉన్నారు, ఫార్వర్డ్‌గా పేరున్న శామ్యూల్ ఎటో కూడా వెనక ఫుల్‌బ్యాక్‌లా పని చేశాడు. మేం పదకొండుమందితో ఉండి, అవసరమైన చోట ఒక్కణ్ణే ఉంచాం.

అందుకని డ్రిల్ మార్చాను. ఇప్పుడు అందులో ఇంకో ఇద్దరు ఉంటారు. బంతి ఉన్నవాళ్ళకి పదిహేను మీటర్ల వెనక నిలబడతారు, ఈల వేయగానే పరిగెత్తాలి. ఎటు పరిగెత్తాలో కూడా చెప్పాలి, లేకపోతే బంతి వెనకే పడతారు. బంతి ఏ పక్క ఉందో ఆ పక్కవాడు దగ్గరి గోల్ పోస్ట్ వైపు, రెండోవాడు పెనాల్టీ చుక్క వైపు. మధ్యలో తల తిప్పి చూసుకోవాలి. పాయింట్ ఇప్పుడు ముగ్గురికీ కలిపే. స్టాపర్ నాలుగు సెకన్లు ఆపి, ఈ ఇద్దరిలో ఒకరు రాకపోతే, రానివాడి పేరు చెప్పి పాయింట్ తీసేస్తాను. ఇది పెట్టిన మొదటి రోజే మా ఫార్వర్డ్‌కి రెండుసార్లు పోయింది. "నాను గోల్ కొట్టేవాణ్ణి కదా సార్" అన్నాడు కోపంగా. మర్నాడు వాడినే స్టాపర్ చోట నిలబెట్టాను. ఇద్దరు మీదికి వస్తుంటే వాడు వెనక్కి తిరిగి, "రండ్రా! రండ్రా!" అని అరిచిన అరుపు మా మైదానం పక్క రోడ్డు దాకా వినపడింది.

చొక్కా లాగొచ్చా సార్?

ఒక ప్రశ్న మిగిలింది. ఒకసారి ప్రాక్టీస్ అయ్యాక పెద్ద కుర్రాడొకడు అడిగాడు: "చొక్కా పట్టి లాగీవచ్చు కదా సార్? రెడ్ కార్డ్ వస్తే వస్తాది, గోల్ అయితే పడదు."

వాళ్ళు ఫోన్లలో అన్నీ చూస్తారు. 2020 జనవరిలో స్పానిష్ సూపర్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వాల్వెర్డే, అదనపు సమయం చివర్లో గోల్ వైపు ఒంటరిగా పోతున్న మొరాటాని వెనక నుంచి పడగొట్టాడు. రెడ్ కార్డ్ వచ్చింది. మాడ్రిడ్ పెనాల్టీల్లో కప్పు గెలిచింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే ఇచ్చారు. బయటికి వెళ్తుంటే అవతలి జట్టు కోచ్ సిమియోనే కూడా తట్టి పంపాడు. ఇది చూసిన పిల్లాడికి తప్పని ఎలా చెప్పను?

వద్దనే చెప్పాను. ఎదుటి పిల్లాడు పూర్తి వేగంలో ఉంటాడు. మా గ్రౌండ్‌లు గట్టినేల, రాళ్ళున్న నేల. వెనక నుంచి లాగితే మోచెయ్యో, తలో ఏమవుతుందో తెలియదు. పదిహేనేళ్ళ పిల్లాడి చెయ్యి విరిగితే ఆ ఇంట్లో ఒక నెల సంపాదన పోతుంది. జీతానికి ఆడేవాళ్ళ లెక్క వేరు. ఇంకో కారణం కూడా ఉంది. లాగడం అలవాటైనవాడు తోలడం నేర్చుకోడు. కష్టమైన చోట దగ్గరి దారి దొరికితే ఎవరైనా అటే పోతారు.

వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "ఫైనల్ అయితేనో?" అన్నాడు. ఫైనల్ అయినా వద్దే అన్నాను. అన్నాక ఇంటికి నడుస్తూ, ఆ ఫైనల్లో గీత దగ్గర నేనే ఉంటే నా నోటి నుంచి ఏ అరుపు వస్తుందో అని భయపడ్డాను. "మీద పడు" అని ఏడేళ్ళు అరిచిన నోరే కదా ఇది.

మొన్న ఆదివారం మళ్ళీ మ్యాచ్. ఈసారి మా గ్రౌండ్‌లోనే. స్టాపర్ నాన్న వచ్చాడు, ఆటో రోడ్డు పక్కన పెట్టి, నా పక్కనే నిలబడ్డాడు. రెండో సగంలో మా పాస్ ఒకటి తప్పి, ఇద్దరు కుర్రాళ్ళు మళ్ళీ వాడి మీదికి వచ్చారు. ఆయన పిడికిలి బిగించాడు. "లెక్కపెట్టండి" అన్నాను. ఎందుకో అడగలేదు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాడు. మావాడు వెనక్కి జరిగాడు, ఒక అడుగు వేసినట్టు వేసి తీసుకున్నాడు, బంతి ఉన్న కుర్రాణ్ణి గీత వైపుకి తోలుకుంటూ పోయాడు. మూడు, నాలుగు. ఇటుక ఇంకా రాలేదు. ఐదు అనేసరికి మా ఫార్వర్డ్ రొప్పుతూ పెనాల్టీ చుక్క దగ్గర ఉన్నాడు. పాస్ ఇవ్వబోయిన కుర్రాడు ఆగి, ఒక్క క్షణం తడబడ్డాడు. బంతి మావాడి కాలికి తగిలి పక్క గీత దాటింది. త్రో వాళ్ళదే అన్నాడు రిఫరీ.

"ఇప్పుడు మావోడు ఏటి సేసినట్టు సార్?" అని అడిగాడు ఆయన.

మైదానం వైపు చూపించాను. ఆ కుర్రాడు వెళ్ళి బంతి తెచ్చుకుని త్రో వేయడానికి చేతులెత్తేలోపు మావాళ్ళు ఎనిమిదిమంది వెనక్కి వచ్చేశారు.